ప్లాస్మా పుట్టుపూర్వోత్తరాలు: గ్రీకు మూలం ఉన్న సైన్సు మాటను విప్పి చూడటం ఎలా?

ఆసుపత్రిలో ప్లాస్మా అంటే రక్తంలోంచి కణాలన్నీ తీసేశాక మిగిలే లేత పసుపు ద్రవం. భౌతికశాస్త్రంలో ప్లాస్మా అంటే ఎలక్ట్రాన్లు, అయాన్లు విడివడి స్వేచ్ఛగా తిరిగే వాయువు. మెరుపులో ఉన్నది అదే, సూర్యుడిలో ఉన్నదీ అదే. మొదటిదాన్ని సంచిలో నింపి, మంచులా గడ్డకట్టేదాకా చల్లబరిచి దాచుకోవచ్చు. రెండోదాంట్లో సూర్యుడి నడిబొడ్డున ఉన్న రకం వేడి కోటి డిగ్రీలు దాటుతుంది. ఈ రెండింటికీ ఒకే పేరెలా వచ్చింది?

నిఘంటువు తీస్తే ఒక్క ముక్కలో తేల్చేస్తుంది: ‘గ్రీకు భాషలో ప్లాస్మా అంటే మలచినది’. రక్తాన్ని ఎవరు మలిచారు? మెరుపును ఎవరు మలిచారు? ఆ అర్థాన్ని పట్టుకుని వేలాడితే రెండింటిలో ఒక్కటీ బోధపడదు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మూలం తెలిస్తే అర్థం తెలిసిపోయినట్టే అనుకుంటారు. నిజానికి మూలం చెప్పేది మాట ఎక్కడ బయల్దేరిందన్నది మాత్రమే. దారిలో అది ఎవరి చేతుల్లో పడింది, వాళ్లు దేన్ని చూసి దానికి ఆ పేరు తగిలించారు అన్నది తెలిస్తేనే ఇవాళ్టి అర్థం దాకా రాగలం. ప్లాస్మాను పట్టుకుని ఈ పనంతా ఎలా చేయాలో కింద చూద్దాం. పద్ధతి పట్టుబడితే ఏ సైన్సు మాటకైనా ఇదే దారి.

మొదటి అడుగు: గ్రీకు జోలికి పోకుండా ఇవాళ్టి అర్థాలు రాసుకోండి

మూలం ముందే చదివేస్తే ప్రతి అర్థంలోనూ అదే కనిపిస్తుంది. అందుకని కాగితం మీద ముందు ఇప్పటి వాడుకలు రాయండి. ఒక్కోదానికి రెండు ముక్కలు చాలు: అది ఏమిటి, ఏది కాదు.

రక్తపు ప్లాస్మా: రక్తం ఘనపరిమాణంలో సుమారు 55 శాతం ఉంటుంది. అందులో పదింట తొమ్మిది వంతులు నీరే. మిగతాది ప్రొటీన్లు, లవణాలు, గ్లూకోజు, హార్మోన్లు వగైరా. ఇది సీరం కాదు. రక్తం గడ్డకట్టాక పైకి తేలే ద్రవం సీరం. గడ్డకట్టడానికి పనికొచ్చే ఫైబ్రినోజెన్ ప్లాస్మాలో ఉంటుంది, సీరంలో ఉండదు.

భౌతికశాస్త్రపు ప్లాస్మా: ధనావేశం, ఋణావేశం ఇంచుమించు సరిసమానంగా ఉండి, మొత్తమ్మీద తటస్థంగా కనిపించే అయనీకృత వాయువు. మామూలు వాయువు కాదు, ఎందుకంటే విద్యుత్తును ప్రవహింపజేస్తుంది, అయస్కాంత క్షేత్రం చెప్పినట్టు వింటుంది. వేడిగానే ఉండి తీరాలన్న నియమం కూడా లేదు. నియాన్ గొట్టాన్ని చేత్తో ముట్టుకుంటే కాలదు, లోపల వెలిగేది మాత్రం ప్లాస్మాయే.

జీవశాస్త్రంలో ఇది ఒంటరిగా కాక తోకగా కనిపిస్తుంది: ప్రోటోప్లాజమ్, సైటోప్లాజమ్. మనం జీవపదార్థం, కణద్రవ్యం అని చదువుకున్నవి ఇవే. వీటికి తోడు రత్నశాస్త్రంలో ఒక ఆకుపచ్చ రాయి ఉంది. కాల్సెడొనీ జాతికి చెందిన ఆ రాయి పేరూ ప్లాస్మాయే. పాతకాలంలో దాని మీద బొమ్మలు చెక్కేవారు.

నాలుగు రంగాలు, నాలుగు వస్తువులు. పైపైన చూస్తే వీటిలో ఏ రెంటికీ పొత్తు కుదరదు. ఆ విషయం ఇక్కడే గమనించి పెట్టుకోండి, ఐదో అడుగులో దీనితో పని పడుతుంది.

రెండో అడుగు: మాట నిజంగా గ్రీకుదేనా?

సైన్సు మాటలన్నీ గ్రీకువి కావు. పైన వచ్చిన సీరం లాటిన్ మాట, విరిగిన పాల మీద తేలే తేటకు ఆ పేరు. మలేరియా ఇటాలియన్ నుంచి వచ్చింది, ‘చెడ్డ గాలి’ అని అర్థం.

గుర్తుపట్టడానికి తెలుగు రాతను నమ్ముకుంటే లాభం లేదు. మనం ఇంగ్లీషు ఉచ్చారణను బట్టి రాస్తాం కాబట్టి జాడలన్నీ చెరిగిపోతాయి. సైకాలజీ అని రాసినప్పుడు ముందున్న పలకని ‘పి’ మాయమవుతుంది. న్యుమోనియాలోనూ అంతే. అందుకే రోమన్ లిపిలో స్పెల్లింగు చూడాలి. ‘ఫ’ శబ్దాన్ని పి, హెచ్‌లతో రాస్తే (ఫాస్ఫరస్), ‘క’ శబ్దాన్ని సి, హెచ్‌లతో రాస్తే (క్రోమియం, కొలెస్టరాల్), మాట మధ్యలో అచ్చు స్థానంలో వై అక్షరం ఉంటే (హైడ్రోజన్), మొదట్లో ఆర్ పక్కన హెచ్ ఉంటే (రైనోప్లాస్టీ), అది గ్రీకు కావడానికి అవకాశం ఎక్కువ. రోమన్లు గ్రీకు మాటల్ని తమ లిపిలోకి దించుకునేటప్పుడు చేసిన ఏర్పాట్లివి.

అవకాశం ఎక్కువ అన్నాను గానీ ఖాయమనలేదు. లింఫ్ అనే మాటలో వై ఉంది, పి హెచ్ ఉంది. చూడగానే గ్రీకనిపిస్తుంది. కానీ మూలం లాటిన్‌లో నీటికి వాడే లింఫా. గ్రీకు నింఫే (జలదేవత) అనే మాటతో జత కలిపి చూసి రోమన్లే దానికి గ్రీకు వేషం వేశారు.

ప్లాస్మాలో అయితే ఈ గుర్తుల్లో ఒక్కటీ లేదు. దాన్ని పట్టించేది తోక ఒక్కటే.

మూడో అడుగు: తోక నుంచి విప్పండి

మాటను ముందు నుంచి విరవడం మనకు అలవాటు. గ్రీకు మాటల్ని వెనక నుంచి విప్పడం మేలు. ప్రత్యయం ఏదో తేలితే ధాతువు దానంతటదే బయటపడుతుంది.

ప్లాస్ + మ. ఈ చివరి ‘మ’ గ్రీకులో ఒక పని ఫలితాన్ని చెప్పే ప్రత్యయం. చేసే పని కాదు, చేయగా వచ్చినది. ఇంగ్లీషువాళ్లు దీన్ని బట్టీ పట్టాలేమో గానీ మనకు ఆ అవసరం లేదు. కర్మ, జన్మ అన్న మాటల్లో చివరనున్న ‘మ’ సరిగ్గా ఇదే. కర్మ అంటే చేసినది. ‘కృ’ ధాతువుకు ‘మన్’ ప్రత్యయం చేరితే కర్మన్, దాని ప్రథమా విభక్తి రూపం కర్మ. గ్రీకు ‘మ’, సంస్కృత ‘మన్’ ఒకే పాత ప్రత్యయానికి వచ్చిన రెండు రూపాలు. లాటిన్‌లో అది ‘మెన్’ అయింది. మన నామ, గ్రీకు ఒనొమ, లాటిన్ నోమెన్ పక్కపక్కన పెట్టి చూడండి, మూడింటి తోకా ఒకటే.

సంస్కృతంలో చివరి నకారం దాగి ఉన్నట్టే గ్రీకులో ఒక ‘ట’ దాగి ఉంటుంది. విభక్తి చేరినప్పుడు, సమాసం కట్టినప్పుడు బయటికొస్తుంది. డ్రామా – డ్రమాటిక్, ట్రామా – ట్రమాటిక్ అని రోజూ అంటూనే ఉంటాం, మధ్యలో ఆ ‘ట’ ఎక్కడిదని ఎప్పుడూ అడగం. చర్మానికి గ్రీకులో డెర్మ, చర్మశాస్త్రం డెర్మటాలజీ. రక్తానికి హైమ, రక్తశాస్త్రం హెమటాలజీ. రంగుకు క్రోమ, రంగుల్ని విడదీసే పద్ధతి క్రొమటోగ్రఫీ. ఒక మాట చివర ‘మ’ ఉండి, దాని విశేషణంలో ‘మట్’ కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

ప్లాస్మా మటుకు ఈ నియమాన్ని సగమే పాటించింది. ప్లాస్మాటిక్ అనే రూపం ఉన్నా, జీవశాస్త్రవేత్తలు సైటోప్లాస్మిక్ అని ‘ట’ మింగేసి వాడుకున్నారు. సైన్సు మాటలు కట్టినవాళ్లంతా గ్రీకు వ్యాకరణ పండితులేమీ కాదు.

నాలుగో అడుగు: ధాతువును దాని ఊళ్లో చూడండి

మిగిలింది ‘ప్లాస్’. దీన్ని నిఘంటువులో వెతికేటప్పుడు చాలామందికి ఒక చిన్న చిక్కు వస్తుంది. ఇంగ్లీషు నిఘంటువులు గ్రీకు క్రియను తుమున్నర్థకంలో చూపిస్తాయి: ప్లాస్సెయిన్, అంటే మలచడం. గ్రీకు నిఘంటువుల్లో మాత్రం క్రియ ఉత్తమ పురుష ఏకవచనంలో ఉంటుంది: ప్లాస్సో, అంటే మలుస్తాను. ఏథెన్స్ మాండలికంలో అదే ప్లాట్టో. మూడూ ఒకటేనని తెలియక ‘ఒక్కోచోట ఒక్కోలా రాశారే’ అని టెన్షన్ పడనవసరం లేదు. 1843లో మొదట అచ్చైన లిడెల్, స్కాట్‌ల గ్రీకు నిఘంటువు తర్వాతి కూర్పులు ఇప్పుడు ఉచితంగా చూడటానికి దొరుకుతున్నాయి. అందులో ప్లాస్సో దగ్గరకు వెళ్లండి.

ఇక్కడ చూడాల్సింది అర్థం ఒక్కటే కాదు, వాడుక. గ్రీకులు ఈ క్రియను దేని విషయంలో వాడారు? మట్టి, మైనం లాంటి మెత్తటి పదార్థాల విషయంలో. రాతిని చెక్కడానికి కాదు, మెత్తటిదాన్ని చేత్తో నొక్కి రూపం ఇవ్వడానికి. ఆ పని చేసేవాడు ప్లాస్టేస్. మలచడానికి వీలైనది ప్లాస్టికోస్. అలా తయారైన బొమ్మ ప్లాస్మా. అక్కడితో ఆగలేదు, కల్పించి చెప్పిన కథ కూడా ప్లాస్మాయే. ‘కట్టుకథ’ అని మనం అనడంలోనూ ఇదే పోకడ ఉంది.

దేవుడు మట్టితో మలిచిన మొదటి మనిషిని గ్రీకులో రాసిన యూదు, క్రైస్తవ గ్రంథాలు ప్రోటోప్లాస్టోస్ అన్నాయి. ‘మొట్టమొదట మలచబడినవాడు’, అంటే ఆదాము. ఈ మాట గుర్తుంచుకోండి, సైన్సులోకి ప్లాస్మా వచ్చిన గుమ్మం ఇదే.

ఇంకా వెనక్కి వెళ్లాలనిపిస్తే నిఘంటువుల్లో ముందు నక్షత్రం గుర్తు పెట్టిన రూపాలు కనిపిస్తాయి. ఏ రాతలోనూ దొరకని, చుట్టపు భాషల్ని పోల్చి పండితులు ఊహించి కట్టిన రూపాలవి. చదవచ్చు, కానీ వాటి మీద మీ వివరణను నిలబెట్టకండి.

ఐదో అడుగు: ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి?

అసలు పని ఇక్కడుంది. ప్రతి మలుపులోనూ మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఎవరు, ఎప్పుడు, ఎదురుగా దేన్ని పెట్టుకుని ఈ పేరు పెట్టారు?

1839లో చెక్ శాస్త్రవేత్త యాన్ ఎవాంగెలిస్టా పుర్కిన్యే పిండం తొలిదశలో ఉండే పదార్థానికి ప్రోటోప్లాజమ్ అనే పేరు వాడాడు. ‘మొదట రూపుదిద్దుకునేది’ అని ఆయన ఉద్దేశం. గ్రీకు అర్థం ఇక్కడ ముక్కస్య ముక్కగా సరిపోతుంది, ఎందుకంటే ఆయన చూస్తున్నది నిజంగానే రూపం తీసుకుంటున్న జీవిని. ప్రోటోప్లాస్టోస్‌కు ఇది ఎంత దగ్గరో చూడండి.

1846లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త హ్యూగో ఫాన్ మోల్ ఈ మాటను మొక్కల కణాల్లోకి తెచ్చాడు. ఆయన ఎదురుగా ఉన్నది కణం లోపలి జిగట పదార్థం. ఇక్కడ మాట ఒక మెట్టు జరిగింది. ‘మలచబడినది’ కాస్తా ‘కణం లోపల ఉండే జిగురు’ అయింది. ఆ తర్వాత సైటోప్లాజమ్, ఎక్టోప్లాజమ్, ఎండోప్లాజమ్ అని పుట్టినవన్నీ ఈ రెండో అర్థం మీద కట్టినవే. వాటిని ‘కణం మలచినది’ అని గ్రీకు ప్రకారం అనువదిస్తే నవ్వులాటవుతుంది.

రక్తం విషయానికొస్తే, ఆ ద్రవానికి వైద్యులు అంతకుముందు లాటిన్‌లో లైకర్ శాంగ్వినిస్ అనేవారు, ‘రక్తపు ద్రవం’ అని. 19వ శతాబ్దం నడిమికి వచ్చేసరికి ప్లాస్మా అన్న పేరు వాడుకలోకి వచ్చింది. గడ్డకట్టే గుణం ఉన్న, దేహానికి పదార్థాన్ని అందించే ద్రవం కాబట్టి మలచడం అనే పాత భావం లీలగా అంటుకునే ఉంది. కానీ కాలక్రమంలో వైద్యుల మనసులో నిలిచిన బొమ్మ వేరు: కణాల్ని మోసుకుపోయే ద్రవం. మాట ఇంకో మెట్టు జరిగింది.

తర్వాతి మలుపు 1920ల్లో, అమెరికాలోని స్కెనెక్టడీలో ఉన్న జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనాశాలలో. ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ అక్కడ పాదరసపు ఆవిరి నింపిన గొట్టాల్లో విద్యుత్తును పంపి పరిశీలిస్తున్నాడు. ఎలక్ట్రోడ్‌ల దగ్గర ఒక పలచని పొర, అక్కడ ఎలక్ట్రాన్లు చాలా తక్కువ. మిగతా గొట్టమంతా ఒకే తీరుగా వెలుగుతుంది, అయాన్లూ ఎలక్ట్రాన్లూ సమతూకంలో ఉంటాయి. ఈ సమతూకపు భాగానికి 1928లో అచ్చైన పత్రంలో ఆయన ప్లాస్మా అని పేరు పెట్టాడు. నాలుగేళ్లకు, 1932లో, వేరే పనికి ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఎందుకా పేరు? దీనికి రెండు కథలున్నాయి. వెలుగు గొట్టం ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారానికి ఒదిగిపోతుంది కాబట్టి ‘మలచినది’ అన్నాడని ఒకటి. వినడానికి బాగుంటుంది, గ్రీకు అర్థానికి చక్కగా అతుకుతుంది. రెండోది ఆయనతో కలిసి పనిచేసిన హెరాల్డ్ మాట్-స్మిత్ 1971లో నేచర్ పత్రికకు రాసిన లేఖలో ఉంది. ఆ సమతూకపు భాగం వేగంగా పోయే ఎలక్ట్రాన్లనూ మలినాల అణువులనూ తనలో మోసుకుపోతున్న తీరు చూసి, రక్తంలో ప్లాస్మా ఎర్ర కణాల్ని, తెల్ల కణాల్ని, క్రిముల్ని మోసుకుపోయే తీరు లాంగ్‌మ్యూర్‌కు గుర్తొచ్చిందట. ఆ పేరు పెట్టిన పుణ్యానికి వైద్య పత్రికలవాళ్లు తమ వ్యాసాల ప్రతులు కావాలని వెంటపడ్డారని కూడా మాట్-స్మిత్ రాశాడు.

నా ఓటు రెండోదానికే. లేఖ రాసింది నలభై ఏళ్ల తర్వాత అన్నది నిజమే, జ్ఞాపకం కాస్త అటూ ఇటూ అయి ఉండొచ్చు. అయినా పక్కనే ఉన్న మనిషి చెప్పిన మాట అది. మొదటి కథకు అలాంటి సాక్షి కనిపించడు. పైగా గ్రీకు అర్థానికి మరీ అందంగా అతికే కథల్ని ఒకటికి రెండుసార్లు అనుమానించాలి. అలాంటివి తరచుగా తర్వాతివాళ్లు నిఘంటువు చూసి అల్లినవే అయ్యుంటాయి.

ఇప్పుడు మొదటి అడుగులో రాసుకున్నది తీయండి. రక్తానికీ మెరుపుకూ ఉన్న లంకె గ్రీకు భాషలో లేదు. ఒక ప్రయోగశాలలో ఒక మనిషికి తట్టిన పోలికలో ఉంది. ఆ పోలిక కూడా తర్వాత అరిగిపోయింది. రక్తంలో కణాలు తీసేస్తేనే ప్లాస్మా. భౌతికశాస్త్రంలో ఎలక్ట్రాన్లు, అయాన్లు తీసేస్తే ప్లాస్మాయే లేదు.

పదార్థానికి నాలుగో స్థితి అన్న మాటకూ ఈ పేరుకూ ముడిపెట్టేటప్పుడు తేదీలు చూసుకోవాలి. 1879లో విలియం క్రూక్స్ విద్యుత్ గొట్టాల్లో తాను చూసినదాన్ని ‘ప్రకాశించే పదార్థం’ అని, నాలుగో స్థితి అని వర్ణించాడు. ప్లాస్మా అనలేదు. వస్తువు ముందు దొరకడం, పేరు తర్వాత రావడం సైన్సులో మామూలే.

ఆరో అడుగు: చుట్టాలెవరు, చుట్టాల్లా కనిపించేవాళ్లెవరు?

ఒక మాటను ఒంటరిగా చదివితే మర్చిపోతాం. కుటుంబంతో చదివితే నిలుస్తుంది. ప్లాస్సెయిన్ సంతానం పెద్దదే. ప్లాస్టిక్ (మలచడానికి వీలైనది) వాళ్లలో అందరికీ తెలిసినది. కట్టు వేసే ప్లాస్టర్ గ్రీకు ఎంప్లాస్ట్రోన్ నుంచి వచ్చింది, పైన పూసేది అని అర్థం. శస్త్రచికిత్సల్లో ప్లాస్టీ తోక దీనిదే: రైనోప్లాస్టీ ముక్కును, యాంజియోప్లాస్టీ రక్తనాళాన్ని సరిచేయడం. హైపర్‌ప్లాసియా అంటే కణాలు అతిగా పెరగడం, నియోప్లాజమ్ అంటే కొత్తగా ఏర్పడిన కంతి. ఆకుల్లోని క్లోరోప్లాస్ట్‌ కూడా ఈ ఇంటి బిడ్డే. 1952లో జాషువా లెడర్‌బర్గ్ బాక్టీరియాల్లో క్రోమోజోమ్‌తో సంబంధం లేకుండా ఉండే జన్యు పదార్థానికి ప్లాస్మిడ్ అని పేరు పెట్టాడు. అక్కడ ప్లాస్మా అంటే మట్టి కాదు, రక్తమూ కాదు, సైటోప్లాజమ్.

మలేరియా పరాన్నజీవి ప్లాస్మోడియం పేరు చూసి రక్తంలో ఉంటుంది కాబట్టి అలా పెట్టారనుకుంటారు. కాదు. జిగురుబూజుల్లో కనిపించే, గోడల్లేని ఒకే ముద్దలాంటి పదార్థానికి అంతకుముందే ప్లాస్మోడియం అనే పేరుంది. ఫ్రెంచ్ వైద్యుడు లావెరాన్ 1880లో మలేరియా రోగి రక్తంలో ఈ జీవిని చూశాడు. 1885లో మార్కియఫావా, చెల్లి అనే ఇటలీ వైద్యులు దానికి ప్లాస్మోడియం పేరు ఖాయం చేశారు. మైకోప్లాస్మా ఇంకో తిరకాసు. మైకో అంటే గ్రీకులో బూజు, పుట్టగొడుగు. కానీ మైకోప్లాస్మా బూజు కాదు, కణకవచం లేని బాక్టీరియా. పేరు వస్తువు స్వభావాన్ని చెబుతుందన్న నమ్మకం ఇక్కడ బోల్తా కొడుతుంది. ఆక్సిజన్ కథా ఇదే. ‘ఆమ్లాన్ని పుట్టించేది’ అని లావోయిజియే పేరు పెట్టాడు, ఆక్సిజన్ లేని ఆమ్లాలున్నాయని తర్వాత తేలింది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇక చుట్టాల్లా నటించేవి. రక్తంలోనే ఉండే ప్లేట్‌లెట్లకు ప్లాస్మాతో నామసంబంధం లేదు. వాటి మూలం బల్లపరుపుగా ఉన్నదని చెప్పే గ్రీకు మాట ప్లటుస్. ప్లానెట్ అంటే తిరుగాడేది, అది వేరే ధాతువు.

ప్లాస్మాఫెరిసిస్ అన్న మాట దగ్గర బాగా చదువుకున్నవాళ్లు కూడా తడబడతారు. రక్తం తీసి, ప్లాస్మాను వేరుచేసి, కణాల్ని తిరిగి ఒంట్లోకి ఎక్కించే పద్ధతికి ఆ పేరు. ప్లాస్మా + ఫెరిసిస్ అని విరిచి, విద్యుత్తుతో అణువుల్ని కదిలించి వేరుచేసే పద్ధతి అయిన ఎలక్ట్రోఫోరిసిస్‌లోని ‘మోయడం’ అనే ధాతువే ఇదనుకుంటారు. సరైన విరుపు ప్లాస్మా + అఫైరెసిస్. రెండు అకారాలు కలిసి ఒకటయ్యాయి, మన సవర్ణదీర్ఘసంధి దగ్గర జరిగేదే. అఫైరెసిస్ అంటే తీసేయడం. సంధి విడదీయడం చేతనైనవాళ్లకు ఇలాంటి మాటలు ఇట్టే లొంగుతాయి.

ఏడో అడుగు: సంస్కృతం తోడు తీసుకోండి, పగ్గాలు వదలకండి

గ్రీకు, సంస్కృతం ఒకే పాత భాష నుంచి చీలినవి. తెలుగులో తత్సమాలు దండిగా ఉన్నాయి కాబట్టి గ్రీకు ఉపసర్గలు సగం మనకు ముందే తెలుసు. పెరి అంటే పరి, హైపర్ అంటే ఉపరి, హైపో అంటే ఉప. డిస్ అంటే దుస్, దుర్. లేదనడానికి వాడే అ, అన్ రెండు చోట్లా ఒకటే: అనంతంలో ఉన్నదే అనెరోబిక్‌లోనూ ఉంది. ఫెరెయిన్ అంటే మోయడం, మన భారం, భరించడం దాని చుట్టాలు. మాట మొదట్లో అచ్చుకు ముందున్న ‘స’ గ్రీకులో ‘హ’ అవుతుంది. అందుకే సప్త అక్కడ హెప్ట, సమ అక్కడ హోమో.

ఈ చివరి నియమమే కాపలాగా కూడా పనికొస్తుంది. సిన్ (కలిసి) అనే గ్రీకు ఉపసర్గ మన ‘సం’ అని ఎవరికైనా అనిపిస్తుంది, అర్థం కూడా అదే. కానీ ‘స’ అక్కడ ‘హ’ కావాలి కదా? కాలేదు. ఎందుకంటే దాని పాత రూపం క్సున్. థియోస్, దేవ అన్న మాటలూ ఇంతే, అర్థం ఒకటైనా పుట్టుక వేరు. అన్నిటికన్నా గడుసుది డెర్మ. పక్కనే చర్మ పెడితే అంత్యప్రాస, అర్థం రెండూ కుదిరిపోతాయి. వాటికి ఉమ్మడిగా ఉన్నది మాత్రం చివరి ప్రత్యయమే. డెర్మ ధాతువుకు అర్థం ఒలవడం, చీల్చడం. దాని చుట్టం మన విదీర్ణం, విదారణం.

శబ్దం కలిసిందని చుట్టరికం కలపకండి, ధ్వని నియమం ఒప్పుకుంటేనే కలపండి.

ఎనిమిదో అడుగు: ఒక ఆరోపం (నిఘంటువులో ఉండే తరహా పద్దు) రాయండి

ఇంత చూశాక మీ నోటుపుస్తకంలో ఒక పేరా రాసుకోవాలి. ఇలా ఉంటే చాలు:

ప్లాస్మా. గ్రీకు ప్లాస్సో (మెత్తటిదాన్ని మలుస్తాను) + మ (ఫలితం): మలచినది, బొమ్మ, కట్టుకథ. 1839 పుర్కిన్యే: ప్రోటోప్లాజమ్, రూపుదిద్దుకునే పిండ పదార్థం. 1846 మోల్: కణం లోపలి జిగట పదార్థం. 19వ శతాబ్దం నడుమ: రక్తంలోని ద్రవభాగం. 1928 లాంగ్‌మ్యూర్: అయాన్లు, ఎలక్ట్రాన్లు సమతూకంలో ఉన్న వాయువు; రక్తపు ప్లాస్మాతో పోలిక (సాక్షి మాట్-స్మిత్, 1971). చుట్టాలు: ప్లాస్టిక్, ప్లాస్టర్, ప్లాస్టీ, క్లోరోప్లాస్ట్. చుట్టాలు కానివి: ప్లేట్‌లెట్, ప్లానెట్.

తేదీ లేని మలుపును తేదీ లేకుండానే రాయండి. ఖాళీ వదిలేస్తే రేపెప్పుడో నిండుతుంది.

చేయి తిరగడానికి మరికొన్ని

క్రోమోజోమ్‌తో మొదలుపెట్టండి, సులువు. 1888లో వాల్డెయర్ పెట్టిన పేరు. క్రోమ, సోమ రెండూ ‘మ’ తోక ఉన్నవే: రంగు, శరీరం. రంగుకు ఇక్కడేం పని అన్నదే మీరు వెతకాల్సింది. సమాధానం సూక్ష్మదర్శిని కింద కణాలకు అద్దే రంగుల్లో ఉంది.

ఐసోటోప్ (1913) ఇంకాస్త రుచిగా ఉంటుంది. ఫ్రెడరిక్ సాడీకి ఈ మాట సూచించింది మార్గరెట్ టాడ్ అనే వైద్యురాలు. ఐసోస్ సమానం, టోపోస్ చోటు. ఏ చోటు అన్న ప్రశ్న వేసుకుంటే ఆవర్తన పట్టిక దగ్గరికి చేరతారు.

హీలియం పేరులో హేలియోస్ ఉన్నాడు. మన సూర్యుడికీ ఆయనకూ మాటలోనే చుట్టరికం, ‘స’ మళ్లీ ‘హ’ అయింది చూడండి. ఈ మూలకం జాడ సూర్యకాంతిలో 1868లో కనిపిస్తే భూమి మీద 1895లో గానీ చేతికి చిక్కలేదు. చివరనున్న ‘ఇయం’ సోడియం, పొటాషియంలాంటి లోహాలకు పెట్టే తోక. వాయువుకు లోహం తోక ఎందుకొచ్చిందో ఆ రెండు తేదీల మధ్య వెతకండి.

ఆఖరుగా గ్యాస్. విరవడానికి ఏమీ లేదు, తోకా లేదు, ఉపసర్గా లేదు. 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ గ్రీకు ఖావోస్‌ను మనసులో పెట్టుకుని కట్టిన మాట ఇది. ఆయన మాట్లాడే డచ్చిలో ‘జి’ అక్షరాన్ని గొంతులోంచి ‘ఖ’కు దగ్గరగా పలుకుతారు. ఆ ఉచ్చారణ తెలియకపోతే మొదటి మూడు అడుగులూ ఇక్కడ పనిచేయవు, ఐదో అడుగు నుంచి వెనక్కి నడవాలి.